యూరియా మంటలో కోబాల్ట్ నీలం: ఒకే ద్రావణం, రెండు రంగులు ఎందుకు?

గౌతమిగట్టు (అమలాపురం)

అందరికీ నమస్కారం. నేను అమలాపురం దగ్గర ఒక కాలేజీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టుకి సొల్యూషన్ కంబషన్ (ద్రావణాన్ని వేడి చేసి మండించే) పద్ధతిలో కోబాల్ట్ అల్యూమినేట్ అనే నీలం రంగు తయారీ తీసుకున్నాం. కోబాల్ట్ నైట్రేట్ 5.82 గ్రాములు, అల్యూమినియం నైట్రేట్ 15 గ్రాములు, యూరియా 8 గ్రాములు. మూడూ కొద్ది నీళ్ళలో కరిగించి, ద్రావణాన్ని సమానంగా రెండు పింగాణీ గిన్నెల్లో పోశాం.

మొదటి గిన్నెను ముందే 500 డిగ్రీలకు వేడెక్కి ఉన్న మఫుల్ ఫర్నెస్‌లో పెట్టాం. ద్రావణం మరిగి చిక్కబడింది, పాలు పొంగినట్టు నురగ పైకి లేచింది, ఒక అంచున అంటుకుని క్షణాల్లో మంట మొత్తం పాకేసింది. చల్లారాక చూస్తే గిన్నె నిండా తేలికైన నీలం నురగ. వేలితో నొక్కితే పొడైపోతోంది.

రెండో గిన్నె హాట్ ప్లేట్ మీద పెట్టాం. నీళ్ళు ఇగరడానికే చాలాసేపు పట్టింది. మధ్యలో ఘాటుగా అమ్మోనియా వాసన, ఆ తర్వాత గోధుమరంగు పొగ. మంట అంటూ సరిగా రాలేదు, అక్కడక్కడ ఎర్రబడి ఆరిపోయింది. మిగిలింది నల్లటి ఆకుపచ్చ పొడి. గిన్నె గోడల వెంట నలుపు ఎక్కువ, మధ్యలో కాస్త నీలం ఛాయ ఉంది.

ద్రావణం ఒక్కటే కదా. రంగు ఎందుకు మారింది? మా గైడ్ గారు కారణం రాసుకురమ్మన్నారు. దయచేసి వివరంగా చెప్పండి.

మాస్టారు_కాకినాడ (రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్)

అమ్మాయ్, బాగా చూశావు. గోడల వెంట నలుపు, మధ్యలో నీలం అని రాశావే, సగం జవాబు అందులోనే ఉంది.

ముందు నీ తూకాలు సరిచూద్దాం. రాకెట్ ఇంధనాల వాళ్ళ దగ్గర్నుంచి తెచ్చుకున్న లెక్క ఇది. కార్బన్‌కి +4, హైడ్రోజన్‌కి +1, ఆక్సిజన్‌కి −2, నైట్రోజన్‌కి సున్నా, లోహానికి దాని వేలన్సీ. అల్యూమినియం నైట్రేట్‌లో +3, తొమ్మిది ఆక్సిజన్లకు −18, మొత్తం −15. కోబాల్ట్ నైట్రేట్‌కి ఇదే లెక్కన −10. యూరియాకి +6. ఒక కోబాల్ట్‌కి రెండు అల్యూమినియం కావాలి కాబట్టి ఆక్సిడైజర్ (ఆక్సిజన్ అందించే నైట్రేట్లు) వైపు −40. ఇంధనం వైపు అంతే + రావాలి, కాబట్టి దాన్ని 6తో భాగిస్తే 6.67 మోల్స్ యూరియా. నువ్వు చేసింది 0.02 మోల్ స్కేలు. అంటే యూరియా 0.133 మోల్, 8 గ్రాములు. లెక్క నిక్కచ్చిగా ఉంది. పూర్తిగా కాలితే రెండు గిన్నెల్లో కలిపి మూడున్నర గ్రాముల పొడి రావాలి.

తూకంలో తేడా లేదు కనుక, ఆ 8 గ్రాముల యూరియా మంట పుట్టే వేళకి గిన్నెలో ఉందా లేదా అని అడగాలి. యూరియా 133 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అక్కడి నుంచి పైకి నెమ్మదిగా వెళ్తే అమ్మోనియాగా కొంత పోతుంది, కొంత బైయూరెట్ లాంటి వాటిగా మారుతుంది. నీకు వచ్చిన ఘాటు వాసన నీ ఇంధనం గాలిలో కలిసిపోతున్న వాసన. నైట్రేట్లు కూడా ఊరుకోవు. కోబాల్ట్ నైట్రేట్ తనంతట తాను విడిపోయి నల్లటి కోబాల్ట్ ఆక్సైడ్ అవుతుంది. ఆ గోధుమ పొగ అదే, నైట్రోజన్ డయాక్సైడ్. ఇంధనం తగ్గి, ఆక్సిడైజర్ తగ్గి, మిగిలినదానికి స్పైనెల్ (నీలం పొడిలోని స్ఫటిక అమరిక పేరు అది) కట్టేంత వేడి పుట్టలేదు.

ఫర్నెస్‌లో అన్ని వైపుల నుంచీ వేడి తగిలింది, నీళ్ళు గబగబా పోయాయి, యూరియా పారిపోయేలోపే అంటుకుంది. హాట్ ప్లేట్ మీద అడుగు ఒక్కటే వేడి, గోడలు చల్లన. అందుకే గోడల వెంట నలుపు. మధ్యలో కాస్త వేడి నిలిచింది, నీలం ఛాయ కనబడింది.

పాలకొల్లు_టు_బెంగుళూరు

మాస్టారూ నమస్కారమండీ. నేను పాలకొల్లు వాడిని, ఇప్పుడు బెంగుళూరులో ఇదే రంగంలో పనిచేస్తున్నాను.

చెల్లెమ్మా, ఈ పద్ధతి మన దేశంలోనే పుట్టిందని రిపోర్టులో తప్పకుండా రాయి. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో కె.సి. పాటిల్ గారి ల్యాబ్‌లో అల్యూమినియం నైట్రేట్, యూరియా ద్రావణాన్ని 500 డిగ్రీల ఫర్నెస్‌లో పెడితే అనుకోకుండా నురగ పొంగి మండింది. చూస్తే ఆల్ఫా అల్యూమినా. మామూలుగా 1100 డిగ్రీలు దాటితే గానీ రాని రూపం అయిదు నిమిషాల లోపు వచ్చేసింది. కింగ్స్‌లీ, పాటిల్ కలిసి 1988లో ప్రచురించారు. ఆ తర్వాత యూరియా స్థానంలో గ్లైసిన్, సిట్రిక్ యాసిడ్, పంచదార, కార్బోహైడ్రజైడ్ లాంటివి ఎన్నో వచ్చాయి. ఆక్సైడ్ పొడులు, ఫాస్ఫర్లు, కేటలిస్టులు, బ్యాటరీ మెటీరియల్స్, అన్నిటికీ పాకింది.

వాయువుల సంగతి కూడా రాయి. మీ స్కేలుకి లెక్కగడితే, మూడున్నర గ్రాముల పొడి పుట్టేటప్పుడు కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్, నీటి ఆవిరి కలిపి 0.6 మోల్స్ పైన వస్తాయి. ఆవిరిని కూడా వాయువుగానే లెక్కేస్తే గది వేడికి దాదాపు 15 లీటర్లు. స్ఫటికాల్లో ఉన్న నీళ్ళు ఇందులో కలపలేదు. పొడి అంత గుల్లగా, తేలిగ్గా రావడానికి కారణం ఈ వాయువులే. పోతూ పోతూ వేడిని కూడా తీసుకుపోతాయి, అందుకే కణాలు పెద్దవి కావు.

ఇంకో ముఖ్యమైన మాట. ఎక్స్ఆర్‌డీ (ఎక్స్-కిరణాలతో స్ఫటిక అమరిక చూసే పరీక్ష) తీయించి "స్పైనెల్ వచ్చింది" అని సంబరపడకు. నల్లటి కోబాల్ట్ ఆక్సైడ్ కూడా స్పైనెలే. దాని సెల్ (స్ఫటికంలో పదే పదే వచ్చే గడి) కొలత 8.08 ఆంగ్‌స్ట్రామ్‌లు, కోబాల్ట్ అల్యూమినేట్‌ది 8.10. గీతలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. మామూలు యంత్రంలో ఆ రెంటినీ విడదీయడం కష్టం. యూవీ-విజిబుల్ రిఫ్లెక్టెన్స్ (పొడి ఏ వెలుగును మింగి ఏది వెనక్కి పంపుతుందో చూసే పరీక్ష) తీయించు. టెట్రాహెడ్రల్ స్థానంలో (నాలుగు ఆక్సిజన్ల మధ్య) కూర్చున్న కోబాల్ట్ ఉంటే 545, 580, 625 నానోమీటర్ల దగ్గర మూడు శోషణ పట్టీలు కలిసి కనిపిస్తాయి. పసుపు, నారింజ, ఎరుపు వెలుగును అది మింగేస్తుంది కాబట్టే మనకి నీలం మిగులుతుంది.

గౌతమిగట్టు (అమలాపురం)

మాస్టారూ, అన్నయ్యా, చాలా థాంక్స్. ఎక్స్ఆర్‌డీ ఒక్కటే చాలనుకుని విశాఖ పంపిద్దామనుకుంటున్నాం. యూవీ కూడా అడుగుతాను. ఈలోగా కాలేజీలోనే చేసుకోగలిగే పరీక్ష ఏమైనా ఉందా?

మాస్టారు_కాకినాడ

ఉంది. చిటికెడు పొడి పరీక్షనాళికలో వేసి గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, ఫ్యూమ్ హుడ్‌లోనే మెల్లగా వేడి చెయ్యి. కోబాల్ట్ ఆక్సైడ్ ఉంటే కరుగుతుంది, క్లోరిన్ వస్తుంది, అందుకే హుడ్ అన్నాను. ద్రావణం నీలంగా మారుతుంది. చల్లారాక దాన్ని జాగ్రత్తగా ఎక్కువ నీళ్ళలో పోస్తే గులాబీ రంగుకి తిరుగుతుంది. అది స్వేచ్ఛగా ఉన్న కోబాల్ట్. అసలైన అల్యూమినేట్ ఆమ్లానికి అంత తేలిగ్గా లొంగదు, అడుగున నీలంగానే కూర్చుంటుంది. రెండు పొడులకీ పక్కపక్కన చేసి ఫోటో తీసి రిపోర్టులో పెట్టు.

మట్టిచక్రం (రాజమహేంద్రవరం)

నమస్తే అండీ. నేను స్టోన్‌వేర్ చేస్తాను. జాడీలు, కప్పులు, పళ్ళేలు. నీలం రంగు బయట కొంటున్నాను, చాలా ఖరీదు. ఈ పద్ధతిలో చేసిన పొడిని గ్లేజు (పాత్ర మీది గాజు పూత) కింద గీతలకి వాడొచ్చా? నా బట్టీ 1230 వరకు వెళ్తుంది. అమ్మాయి గారి మొదటి గిన్నెలోది నేరుగా వాడితే?

పాలకొల్లు_టు_బెంగుళూరు

అన్నా, నేరుగా వద్దు. మంటలోంచి వచ్చిన పొడి చాలా సన్నం, ఉపరితలం ఎక్కువ. కరిగిన గ్లేజు దాన్ని తినేస్తుంది. కొంత కోబాల్ట్ గ్లేజులోకి కరిగిపోయి గీత అంచులు చెదురుతాయి. ముందు దాన్ని ఫర్నెస్‌లో 1000 నుంచి 1200 మధ్య కొన్ని గంటలు ఉంచాలి. కణం కాస్త పెరగాలి. ఆ తర్వాత నీళ్ళతో నూరి, కడిగి, ఆరబెట్టి వాడుకోవాలి.

ఉప్పుటేరు (భీమవరం)

ఇక్కడ నాకో అనుమానం. నాది రంగుల వ్యాపారం. కాల్చి తీసిన రంగులు బస్తాల్లో వస్తాయి, మేము అమ్ముతాం. కోబాల్ట్ నీలాన్ని పాత పద్ధతిలో ఆక్సైడ్లు కలిపి 1200 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఇప్పుడు మీరు మంటలో చేసినదాన్ని కూడా మళ్ళీ 1000 పైన కాల్చమంటున్నారు. మరి అయిదు నిమిషాల పద్ధతి అని ఎందుకు చెప్పుకోవడం? నైట్రేట్లు ఆక్సైడ్ల కంటే ఖరీదు. లాభం ఎక్కడ?

పాలకొల్లు_టు_బెంగుళూరు

మంచి ప్రశ్న. చాలా రిపోర్టుల్లో "ఒకే దశలో" అని రాస్తారు, వెనకాల రెండు గంటల కాల్పు చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది నాకూ నచ్చదు. అయితే లాభం ఉంది. ఆక్సైడ్ పొడులు కలిపినప్పుడు కోబాల్ట్ ఒక గింజలో, అల్యూమినియం ఇంకో గింజలో ఉంటాయి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పరమాణువులు నడిచి వెళ్ళాలి, దానికే అంత వేడి, అంత సమయం. ద్రావణంలో అవి పరమాణువు పక్కన పరమాణువుగా ఉంటాయి. మంట ఆ అమరికను అలాగే బిగించేస్తుంది. తర్వాత కాల్చేది కణం సైజు కోసం, మిగిలిన కాస్త ఆక్సైడ్ కలిసిపోవడం కోసం. తక్కువ వేడి, తక్కువ సేపు సరిపోతుంది.

అసలు లాభం డోపింగ్‌లో, అంటే ఒక పదార్థంలో కొద్దిగా వేరే లోహం కలపడంలో ఉంది. నూటికి ఒకటో రెండో వంతు రంగు లోహాన్ని సమానంగా పరచాలంటే గింజలు కలిపి నూరడం కంటే ద్రావణం ఎంతో మేలు.

మాస్టారు_కాకినాడ

నేను భీమవరం వారి పక్షమే. పిగ్మెంటు కావాలంటే రెండో కాల్పు తప్పదని పిల్లలకి మొదటి రోజే చెప్పాలి. దాన్ని దాచి "అయిదు నిమిషాలు" అని రాస్తే తర్వాత చదివినవాడు హాట్ ప్లేట్ మీద చేసి నల్లపొడి చూసి టెన్షన్ పడతాడు. మంటకి దాని పని ఉంది, ఫర్నెస్‌కి దాని పని ఉంది. రెండూ రాయాలి.

డోపింగ్ గురించి తమ్ముడు చెప్పింది నిజం. మట్టిచక్రం గారికి ఖరీదు తగ్గించే దారి కూడా అదే. కోబాల్ట్ పూర్తిగా వాడకుండా ఎక్కువ భాగం జింక్ పెట్టండి. జింక్ అల్యూమినేట్ కూడా స్పైనెలే, తెల్లగా ఉంటుంది. అందులో పదో వంతు జింక్ స్థానంలో కోబాల్ట్ వేసినా చక్కటి నీలం వస్తుంది. జింక్ నైట్రేట్‌కి కూడా లెక్క −10 కాబట్టి యూరియా తూకం మార్చక్కర్లేదు. అమ్మాయ్, నీ 5.82 గ్రాముల కోబాల్ట్ నైట్రేట్ స్థానంలో 0.58 గ్రాములు వేసి, మిగతాది జింక్ నైట్రేట్ 5.35 గ్రాములు వెయ్యి. అల్యూమినియం, యూరియా అంతే.

ల్యాబ్‌బాబాయి (నరసాపురం)

నేను ల్యాబ్ అసిస్టెంటుగా చేస్తున్నాను. అందరూ ఫార్ములా చెబుతున్నారు, సీసాలో ఏముందో ఎవరూ అడగలేదు. మన దగ్గర వానాకాలంలో నైట్రేట్ సీసా మూత తీస్తే ఏం కనబడుతుంది? కోబాల్ట్ నైట్రేట్ ఎర్రటి గింజలు ఒకదానికొకటి అంటుకుని అడుగున పాకంలా ఊరి ఉంటాయి. ఫెర్రిక్ నైట్రేట్ అయితే ఇంకా ఘోరం. గరిటెకి అతుక్కున్నదాన్ని తూచి 15 గ్రాములు అంటే అందులో నీళ్ళెన్నో ఎవరికి తెలుసు? గాలిలో తేమ ఎక్కువున్న ఊళ్ళలో ఈ లెక్క రెండు దశాంశ స్థానాల వరకు నమ్మడానికి లేదండీ.

మా మేడం గారు నేర్పిన పద్ధతి చెబుతాను. సీసా తెరిచిన రోజే మొత్తం కరిగించి స్టాక్ ద్రావణం చేసి పెట్టేసుకోవాలి. తర్వాత తూకం ఉండదు, పిపెట్టే. బలం తెలియాలంటే కొలిచిన ద్రావణాన్ని క్రూసిబుల్‌లో ఇగిర్చి, హుడ్‌లో కాల్చి, చివరికి 1000 డిగ్రీల దగ్గర ఉంచి మిగిలిన ఆక్సైడ్ తూచాలి. అల్యూమినియం నైట్రేట్ సరిగ్గా ఉంటే 10 గ్రాములకి 1.36 గ్రాముల అల్యూమినా రావాలి. 1.25 వచ్చిందంటే నీళ్ళు పట్టిందని అర్థం, ఆ మేరకు ఎక్కువ తీసుకోవాలి. లేకపోతే నైట్రేట్ తక్కువ, యూరియా ఎక్కువ అయి, బొగ్గు మిగిలి రంగు మసకబారుతుంది.

గౌతమిగట్టు (అమలాపురం)

బాబాయ్ గారూ, ఇది ఏ పేపర్లోనూ కనపడలేదు. మా సీసా కూడా అలాగే ఉంది. రేపే స్టాక్ ద్రావణం చేస్తాం.

ఇంకో ప్రశ్న. మా ఫ్రెండ్ ఎరువుల కొట్టు యూరియా వాడదామంటున్నాడు, ఇంట్లో బస్తా ఉందట. పర్వాలేదా?

ల్యాబ్‌బాబాయి (నరసాపురం)

వద్దమ్మా. 2015 నుంచి మన దేశంలో తయారయ్యే వ్యవసాయ యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి. ఆ నూనె కూడా ఇంధనమే, నీ లెక్కలో అది లేదు. నీళ్ళలో వేస్తే పైన జిడ్డు తేలుతుంది. బైయూరెట్ కూడా కొంత ఉంటుంది.

నిర్వాహకుడు

దీనికి చట్టం వైపు కూడా ఒక మాట. రైతులకు సబ్సిడీ మీద ఇచ్చే యూరియాను పరిశ్రమ పనులకు మళ్ళించడాన్ని 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు నిషేధిస్తుంది. నాట్ల రోజుల్లో యూరియా కోసం రైతులు క్యూలో నిలబడే జిల్లాలు మనవి. ల్యాబ్ గ్రేడ్ అరకిలో డబ్బా కొనుక్కోండి.

ఈ చర్చలో కొత్తవాళ్ళు చాలామంది చేరారు కాబట్టి మరో హెచ్చరిక. ఇది ఇంటి వంటగదిలో చేసే పని కాదు. నైట్రేట్, ఇంధనం కలిసిన పొడి ముద్ద నిప్పు పట్టే సరుకు. ఫ్యూమ్ హుడ్, ముఖానికి షీల్డు, పక్కన అనుభవం ఉన్న మనిషి లేకుండా చేయకండి. గ్రాముల స్కేలు దాటి ఒక్కసారిగా పెంచకండి. గిన్నె నిండా పోయకండి, పదో వంతుకి మించితే నురగ బయటికి పొర్లుతుంది. అమ్మోనియం నైట్రేట్ అదనంగా వేద్దామనే సలహాలు ఇక్కడ తొలగిస్తాం. దానికి 2012 నుంచి ప్రత్యేక నిబంధనలు, లైసెన్సులు ఉన్నాయి.

మాస్టారు_కాకినాడ

నిర్వాహకుడు గారు చెప్పినదానికి తోడు గోధుమ పొగ గురించి. కాగితం మీద లెక్క ప్రకారం నైట్రోజన్ మాత్రమే రావాలి. నిజంగా చేసినప్పుడు ఎంతో కొంత నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది, ఇంధనం తక్కువైతే మరీ ఎక్కువ. పీల్చినప్పుడు కాస్త దగ్గు వచ్చి తగ్గిపోయినట్టుంటుంది, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది. కాబట్టి "నాకేం కాలేదు" అని ధీమా పడకూడదు. ఎవరైనా గట్టిగా పీల్చితే ఆ రోజే డాక్టరుకి చూపించాలి.

ఊకబూడిద (మండపేట)

ఆయ్, నమస్కారమండీ. మాది రైస్ మిల్లు. ఈ చర్చ మా అబ్బాయి చూపించాడు. బాయిలర్‌లో ఊక కాల్చిన బూడిద గుట్టలు పడి ఉంది. అందులో సిలికా ఉంటుందంటారు. మీ రంగుల్లో దానికేమైనా పని ఉందా?

పాలకొల్లు_టు_బెంగుళూరు

ఉందండీ బాబాయ్ గారూ. ఊక బరువులో అయిదో వంతు దాకా బూడిద మిగులుతుంది, ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికాయే, నూటికి 85 నుంచి 95 వరకు. జింక్ సిలికేట్ అనే తెల్ల పదార్థం ఉంది, దాన్ని విల్లెమైట్ అంటారు. అందులో కొద్దిగా కోబాల్ట్ వేస్తే ముదురు నీలం వస్తుంది. అల్యూమినేట్ కంటే కాస్త ఊదా వైపు ఉంటుంది.

సిలికా నీళ్ళలో కరగదు, సన్నటి పొడిగా ద్రావణంలో కలిపేయడమే. లెక్కలో ఇంకో సౌకర్యం ఉంది. సిలికాన్‌కి +4, రెండు ఆక్సిజన్లకు −4, మొత్తం సున్నా. అంటే ఇంధనం లెక్కని అది కదపదు. రెండు జింక్ నైట్రేట్లకు −20, యూరియా 3.33 మోల్స్. అయితే మంటతోనే విల్లెమైట్ మొత్తం రాదు, తర్వాత 1000 డిగ్రీల పైన కాల్చాలి. సిలికా ఘనపదార్థంగానే ఉంది కాబట్టి పరమాణువులు నడవాల్సిన దూరం ఇక్కడ ఎక్కువ.

మీ బాయిలర్ బూడిద ఏ రంగులో ఉంది?

ఊకబూడిద (మండపేట)

నల్లగా ఉంటుందండీ. కొంత బూడిదరంగు. గడ్డలు కూడా ఉంటాయి.

పాలకొల్లు_టు_బెంగుళూరు

నలుపంటే కాలని కార్బన్. అది ద్రావణంలో పడితే లెక్కలో లేని ఇంధనం అవుతుంది. బాయిలర్‌లో వేడి 900 దాటిన చోట సిలికా స్ఫటికమై మొద్దుబారిపోతుంది, జింక్‌తో త్వరగా కలవదు. పైగా ఆ స్ఫటిక సిలికా ధూళి పీలిస్తే ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు లేకుండా గుట్ట కదపకండి.

ఈ పనికి పాత బూడిద కంటే పచ్చి ఊక ఇస్తే మేలు. ఊకని ముందు పలుచని ఆమ్లంతో కడగాలి, పొటాషియం పోతుంది. అది ఉంటే కార్బన్ చుట్టూ సిలికా కరిగి మూసేసి, నలుపు లోపలే చిక్కుకుంటుంది. తర్వాత 600 నుంచి 700 డిగ్రీల మధ్య గాలి బాగా తగిలేలా కాలిస్తే తెల్లటి, చురుకైన సిలికా వస్తుంది.

ఊకబూడిద (మండపేట)

ఊకకేం కరువు లేదండీ. అమలాపురం అమ్మాయి గారికి కావాలంటే బస్తా పంపిస్తాం, మనిషిని పంపమనండి చాలు.

ఉప్పుటేరు (భీమవరం)

నీలం సరే. మార్కెట్లో ఎక్కువ పోయేది ఎరుపు. గచ్చులకి, గడపలకి, గోడ అంచులకి అందరూ అడిగేది ఎర్రరంగే. ఐరన్ ఆక్సైడ్ ఈ మంటలో వస్తుందా?

ల్యాబ్‌బాబాయి (నరసాపురం)

వస్తుంది. ఫెర్రిక్ నైట్రేట్, గ్లైసిన్. ఫెర్రిక్ నైట్రేట్‌కి −15, గ్లైసిన్‌కి +9. అంటే మోల్‌కి 1.67 మోల్స్. కానీ గ్లైసిన్ యూరియాలాంటిది కాదు, ఉధృతంగా కాలుతుంది. పొడి గిన్నెలోంచి ఎగిరిపోతుంది. పైన సన్నటి స్టీలు జల్లెడ కప్పాలి, గ్లైసిన్ లెక్కకంటే కాస్త తక్కువ వేయాలి.

గ్లైసిన్ ఎక్కువైతే ఏమవుతుందో మా విద్యార్థులకి అయస్కాంతంతో చూపిస్తాం. ఎర్రగా రావాల్సిన పొడి నల్లగా వస్తుంది. కాగితం మీద పోసి కింద అయస్కాంతం కదిపితే పొడి ముళ్ళు ముళ్ళుగా లేచి వెంటే నడుస్తుంది. మంట లోపల ఆక్సిజన్ చాలక ఇనుము పూర్తిగా ఆక్సీకరణం చెందలేదు, మాగ్నటైట్ మిగిలింది. దాన్నే గాలిలో 600, 700 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచితే ఎర్రబడుతుంది, అయస్కాంతానికి కదలడం బాగా తగ్గిపోతుంది.

ఉప్పుటేరు (భీమవరం)

మరి ఆ ఎరుపు ఛాయ ఎలా అదుపు చేస్తారు?

మాస్టారు_కాకినాడ

కణం సైజుతో. సన్నగా ఉంటే నారింజ వైపు ఎరుపు, వేడి పెంచి కణం పెద్దది చేస్తే ఊదా వైపు జరుగుతుంది. అదే పదార్థం, అదే ఫార్ములా.

కానీ వ్యాపారంగా చూస్తే ఎరుపుకి ఈ పద్ధతి వద్దండీ. ఐరన్ ఆక్సైడ్ ఎంతో చవకగా టన్నుల్లో తయారవుతోంది. నైట్రేట్ కాల్చి దానితో పోటీపడలేరు. కోబాల్ట్ లాంటి ఖరీదైన లోహాన్ని తక్కువ వాడి ఎక్కువ రంగు రాబట్టాలన్నా, మార్కెట్లో దొరకని ఛాయ చిన్న మొత్తంలో కావాలన్నా ఇది పనికొస్తుంది. మట్టిచక్రం గారి లాంటి వాళ్ళకి ఏడాదికి కావాల్సింది ఏ కొద్ది కిలోలో. అక్కడ దీనికి చోటుంది. పెయింటు డబ్బాలకి కూడా అనుమానమే. ఈ గుల్ల పొడి నూనెని విపరీతంగా పీల్చేస్తుంది, బాగా నూరి గట్టిపరిస్తే గానీ పెయింటుకి లొంగదు.

మట్టిచక్రం (రాజమహేంద్రవరం)

గులాబీ రంగు కూడా వస్తుందని విన్నాను, అల్యూమినాలో క్రోమియం వేసి. కప్పులకి బాగుంటుంది కదా?

పాలకొల్లు_టు_బెంగుళూరు

వస్తుందన్నా, కెంపు రంగు వెనక ఉన్నదీ అదే జంట. అయితే మంట బలహీనంగా ఉంటే కొంత క్రోమియం ఆరో వేలన్సీలో మిగిలిపోతుంది. అది విషం, క్యాన్సర్ కారకం. పొడిని నీళ్ళతో కడిగినప్పుడు నీళ్ళు పసుపుగా దిగితే అదే అనుమానం. తినే పాత్రల లోపలి వైపు అసలు వద్దు. కోబాల్ట్ పొడి కూడా పీల్చకూడదు. నూరేటప్పుడు తడిగా నూరండి, మాస్కు పెట్టుకోండి.

గౌతమిగట్టు (అమలాపురం)

అప్‌డేట్ ఇస్తున్నాను. బాబాయ్ గారు చెప్పినట్టు స్టాక్ ద్రావణం చేసి కాల్చి తూచాం. మా అల్యూమినియం నైట్రేట్ 10 గ్రాములకి 1.29 మాత్రమే ఇచ్చింది. నీళ్ళు పట్టినట్టే. తూకం సవరించాక ఫర్నెస్‌లో వచ్చిన నీలం మునుపటికంటే శుభ్రంగా ఉంది.

ఆమ్లం పరీక్షలో హాట్ ప్లేట్ పొడి బాగా రంగు దింపింది, నీళ్ళలో పోస్తే గులాబీ అయింది. ఫర్నెస్ పొడికి లేతగా వచ్చింది, అంటే అందులోనూ కొంత ఆక్సైడ్ ఉంది. రెండింటినీ 1000 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచాం. నల్లటిది కూడా నీలం అయింది! కానీ గట్టి పెచ్చులుగా వచ్చింది, రోట్లో నూరితే మసక నీలం. మొదటిది మెత్తగా పొడైంది, రంగు నిగనిగలాడుతోంది. యూవీలో మొదటిదానికి మూడు పట్టీలూ విడివిడిగా కనిపించాయి.

జింకు పదో వంతు కోబాల్ట్‌ది కూడా చేశాం. లేత ఆకాశనీలం. మట్టిచక్రం గారూ, 1100 దగ్గర కాల్చి నూరి పంపిస్తాను, మీ బట్టీలో ఒక పలక మీద చూస్తారా?

చివరి ప్రశ్న. పొడి కడిగిన నీళ్ళు లేత గులాబీగా ఉన్నాయి. ఎక్కడ పోయాలి?

మట్టిచక్రం (రాజమహేంద్రవరం)

తప్పకుండా పంపండమ్మా. నాలుగు పలకల మీద వేసి చూస్తాను, గ్లేజు ఉన్నవి రెండు, లేనివి రెండు. ఫోటోలు ఇక్కడే పెడతాను.

ల్యాబ్‌బాబాయి (నరసాపురం)

సింకులో మాత్రం పోయకండి. ఇక్కడ కాలేజీ డ్రెయిను పోయి పంట బోదెలోనో, చేపల చెరువుకి నీళ్ళు తోడే కాలువలోనో కలుస్తుంది. గులాబీ రంగంటే కోబాల్ట్ ఇంకా నీళ్ళలో ఉందన్నమాట. ఒక ప్లాస్టిక్ డబ్బాలో పోగు చేయండి. ఆమ్లం పరీక్ష మిగులు కూడా అందులోనే, సోడియం కార్బొనేట్ కొద్దికొద్దిగా వేస్తూ. నురగ ఆగాక ఇంకాస్త వేస్తే ఊదా గులాబీ మడ్డి అడుగున దిగుతుంది. ఒక రాత్రి వదిలేసి, పైన తేట నీళ్ళు రంగు లేకుండా ఉన్నాయో లేదో తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. రంగుంటే మళ్ళీ కార్బొనేట్ వేయండి. మడ్డిని వడకట్టి ఆరబెట్టి పేరు రాసి దాచండి. నైట్రిక్ ఆమ్లంలో కరిగిస్తే మళ్ళీ కోబాల్ట్ నైట్రేటే. మా దగ్గర ఆ డబ్బాతోనే తర్వాతి బ్యాచ్ పిల్లలకి ట్రయల్స్ చేయిస్తాం. దాంట్లో సోడియం లేకుండా రెండు మూడుసార్లు డిస్టిల్డ్ వాటర్‌తో కడగడం మర్చిపోవద్దు.